‘క్వాలిటీ ఆఫ్ ది ప్రాన్స్’ తర్వాత వాజ్ రావాలా, వర్ రావాలా? సబ్జెక్ట్-వెర్బ్ అగ్రిమెంట్ డౌట్లు

కావలి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఈ వారం మాక్ టెస్ట్‌లో తప్పు ఎక్కడుందో పట్టుకోమని ఈ వాక్యం ఇచ్చారు: "ది క్వాలిటీ ఆఫ్ ది ప్రాన్స్ బ్రాట్ టు ది మార్కెట్ దిస్ మార్నింగ్ వర్ వెరీ గుడ్." కీలో "వర్" తప్పు, "వాజ్" ఉండాలి అని ఉంది. మార్కెట్‌కి వచ్చినవి రొయ్యలు. ఒకటీ రెండూ కాదు, ట్రేలకి ట్రేలు. బాగున్నవి కూడా ఆ రొయ్యలే గదా! మా బ్యాచ్‌లో చాలామంది "వర్" కరెక్ట్ అనుకుని వాక్యంలో తప్పే లేదని పెట్టారు. ఆ పరీక్ష మొదటి దశ అయిన టైర్-1లో ఒక తప్పుకి అర మార్కు కోత. రూల్ నంబరు చెప్పి బట్టీ పట్టమంటే నాకు ఎక్కదు. ఎందుకు వాజ్ అవుతుందో ఎవరైనా వివరంగా చెప్పండి.

ఆక్వా_డెస్క్_నెల్లూరు:
మా ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో ఇలాంటి వాక్యాలు రోజూ రాస్తాం తమ్ముడూ. "వాజ్" కరెక్ట్. అక్కడ బాగున్నది క్వాలిటీ. అది ఒక్కటే. రొయ్యలు ఎన్ని టన్నులున్నా క్రియకి వాటితో పనిలేదు. ఎందుకో వివరంగా మాస్టారు చెప్తారు, ఆయన్ని ట్యాగ్ చేశాను.

పెన్నా_ఒడ్డు_మాస్టారు:
నాయనా, ఎందుకో చెప్పమని అడిగావు, సంతోషం. ఆత్మకూరు వైపు హైస్కూళ్ళలో ఇంగ్లీష్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ప్రశ్న ప్రతి ఏడూ ఏదో ఒక తరగతిలో వచ్చేది.

ముందు నీ వాక్యాన్ని తెలుగులో చెప్పుకో. "పొద్దున మార్కెట్‌కి వచ్చిన రొయ్యల నాణ్యత చాలా బాగుంది." బాగుంది అన్నావా, బాగున్నాయి అన్నావా? తెలుగులో నీకు అనుమానమే రాలేదు చూడు. కర్తని వర్ణించే మాటలన్నీ తెలుగులో ముందే అయిపోతాయి. "పొద్దున", "మార్కెట్‌కి వచ్చిన", "రొయ్యల" ఇవన్నీ దాటాక "నాణ్యత" వస్తుంది, దాని వెంటనే క్రియ. ఇంగ్లీష్‌లో వరుస తిరగబడుతుంది. "ది క్వాలిటీ" అని కర్తని మొదటే చెప్పేసి, ఆ తర్వాత ఆఫ్ ది ప్రాన్స్, బ్రాట్ టు ది మార్కెట్, దిస్ మార్నింగ్ అని వర్ణన సాగదీస్తారు. క్రియ వచ్చేసరికి కర్త ఎక్కడో వెనక ఉంటుంది, మధ్యలో వేరే నామాలు అడ్డం పడి ఉంటాయి. మనం పుట్టినప్పటి నుంచీ వర్ణనకీ క్రియకీ మధ్య కర్తని చూసినవాళ్ళం కాబట్టి, క్రియకి ముందు దగ్గరగా ఏ నామం కనబడితే దాన్నే కర్త అనుకుంటాం. నీ బ్యాచ్ వాళ్ళు పడింది అక్కడే.

దీనికి నేను పిల్లలకి చెప్పే దారి ఒకటే. చిన్నప్పుడు "డు, ము, వు, లు ప్రథమా విభక్తి" అని చదివావు గదా. కర్త ప్రథమా విభక్తిలో ఉంటుంది. చేత, తో, కొరకు, వలన, యొక్క, లో ఇలాంటివి తగిలిన నామం కర్త కాదు. ఇంగ్లీష్‌లో ఆఫ్, విత్, ఫ్రమ్, ఇన్, బై అనేవి మన విభక్తులు చేసే పనే చేస్తాయి. మనవి నామం వెనక తగులుతాయి, వాళ్ళవి నామానికి ముందు నిలబడతాయి, అంతే తేడా. "ఆఫ్ ది ప్రాన్స్" అంటే "రొయ్యల యొక్క". యొక్క తగిలిందంటే రొయ్యలు కర్త కావు. పక్కన పెట్టెయ్యి. మిగిలింది క్వాలిటీ.

ఇదే సూత్రంతో ఇంకో రకం ప్రశ్న కూడా తీరిపోతుంది. "మై ఫాదర్, ఎలాంగ్ విత్ హిజ్ బ్రదర్స్" తర్వాత హ్యాజా, హావా అని అడుగుతారు. "మా నాయన తమ్ముళ్ళతో కలిసి వచ్చాడు" అంటాం. వచ్చాడు అనే అన్నాం, వచ్చారు అనలేదు. "తో" తగిలింది గనక తమ్ముళ్ళు లెక్కలోకి రారు. కాబట్టి హ్యాజ్. టుగెదర్ విత్, యాజ్ వెల్ యాజ్, ఇన్ ఎడిషన్ టు అన్నీ ఇదే దారి. "అండ్" మాత్రం వేరు. "నాయనా, తమ్ముళ్ళూ వచ్చారు." అక్కడ ఇద్దరూ ప్రథమా విభక్తిలోనే ఉన్నారు, ఇద్దరూ కర్తలే.

కావలి_కుర్రాడు:
మాస్టారూ, ఇది ఎవరూ చెప్పలేదు నాకు. విభక్తులు టెన్త్‌తో అయిపోయాయనుకున్నా. ఇప్పుడు "ది లిస్ట్ ఆఫ్ సెలెక్టెడ్ క్యాండిడేట్స్" తర్వాత "ఈజ్" ఎందుకో కూడా అర్థమైంది. జాబితా అంటించారు, అభ్యర్థుల్ని కాదు.

వేదాయపాళెం_టు_డల్లాస్:
మాస్టారికి నమస్కారం. మీ సూత్రానికి ఒక అడ్డంకి ఉంది. ఆఫ్ తర్వాతది కర్త కాదంటే "ఎ నంబర్ ఆఫ్ ఫార్మర్స్ హావ్ కమ్" ఎందుకు కరెక్ట్ అయింది? "నంబర్" ఏకవచనం గదా. "హాఫ్ ఆఫ్ ది లెమన్స్ ఆర్ రాటెన్", "థర్టీ పర్సెంట్ ఆఫ్ ది ఓటర్స్ హావ్" ఇవన్నీ ఆఫ్ తర్వాత ఉన్న నామాన్ని బట్టే మారుతున్నాయి. పరీక్షల్లో ఎక్కువగా అడిగేది కూడా వీటినే.

సింగరాయకొండ_టీచర్:
దీనికి నేను జవాబు చెప్తాను, మాస్టారు ఏమీ అనుకోకపోతే. ఎనిమిది, తొమ్మిది తరగతులకి చెప్తుంటాను కాబట్టి ఈ డౌట్ నాకు బాగా అలవాటు.

"ఎ నంబర్ ఆఫ్" అంటే సంఖ్య గురించి మాట్లాడటం లేదు. "చాలామంది రైతులు వచ్చారు" అంటున్నాం. వచ్చింది రైతులు. "ది నంబర్ ఆఫ్ ఫార్మర్స్" అంటే మాత్రం "రైతుల సంఖ్య పెరిగింది". పెరిగింది సంఖ్య. అందుకే మొదటిదానికి హావ్, రెండోదానికి హ్యాజ్. "ఎ టోటల్ ఆఫ్", "ది టోటల్ ఆఫ్" కూడా ఈ జంట లాంటివే.

సగం, పావు, శాతం విషయంలో తెలుగు కూడా అచ్చం ఇలాగే నడుస్తుంది. పొదలకూరు నిమ్మకాయల బస్తా విప్పి "కాయల్లో సగం కుళ్ళిపోయాయి" అంటాం. తుఫాను వచ్చినప్పుడు "పొలంలో సగం మునిగిపోయింది" అంటాం. రెండు చోట్లా "సగం" అనే మాటే. కాయలైతే కుళ్ళిపోయాయి, పొలమైతే మునిగిపోయింది. దేంట్లో సగమో దాన్ని బట్టి క్రియ. "హాఫ్ ఆఫ్ ది లెమన్స్ ఆర్", "హాఫ్ ఆఫ్ ది ఫీల్డ్ ఈజ్". మోస్ట్, సమ్, ఆల్, టూ థర్డ్స్, పర్సెంట్ అన్నీ ఈ గుంపే. ఇవి కొలత చెప్పే మాటలు. వీటికి వెనక ఉన్న వస్తువును బట్టే ఏకవచనమో బహువచనమో తేలుతుంది.

పెన్నా_ఒడ్డు_మాస్టారు:
బాగా చెప్పావమ్మా. నేను చెప్పిన దానిలో ఆ లోటు ఉంది, నువ్వు పూడ్చావు.

కొండపి_బ్యాంక్_అన్న:
అందరూ తెలుగులోకి మార్చుకోమని చెప్తుంటే నాకు కొంచెం భయంగా ఉంది. ఐబీపీఎస్ రాసి బ్యాంకులో చేరినవాణ్ణి, ఇప్పుడు మా ఊరి పిల్లలకి సాయంత్రాలు చెప్తుంటాను. తెలుగులో ఆలోచించడం వల్లే పోయే మార్కులు ఎన్నో నా కళ్ళ ముందు ఉన్నాయి. చెప్తాను వినండి.

"ప్రతి ఒక్కరూ వచ్చారు" అంటాం. క్రియ బహువచనం. అదే పట్టుకుని "ఎవ్రీవన్ హావ్ కమ్" అని రాస్తారు. ఇంగ్లీష్‌లో ఎవ్రీవన్, ఈచ్, ఎనీబడీ, నోబడీ, ఈదర్, నీదర్ ఇవన్నీ ఒక్కొక్కరిని విడివిడిగా చూస్తాయి, క్రియ ఏకవచనం. "ఈచ్ ఆఫ్ ది స్టూడెంట్స్ హ్యాజ్". "మెనీ ఎ ఫార్మర్" అన్నా, "మోర్ దాన్ వన్ ఫార్మర్" అన్నా అర్థం బహువచనమే, క్రియ మాత్రం ఏకవచనం.

"నీళ్ళు వస్తున్నాయి", "పాలు విరిగిపోయాయి", "బియ్యం అయిపోయాయి", "వార్తలు మొదలయ్యాయి" అంటాం. వాటర్, మిల్క్, రైస్, న్యూస్ నాలుగూ ఇంగ్లీష్‌లో ఏకవచనమే. న్యూస్‌కి చివర ఎస్ ఉండటం ఇంకో ఉచ్చు. మ్యాథమెటిక్స్, ఎకనామిక్స్, ఫిజిక్స్‌ని సబ్జెక్టులుగా చెప్పినప్పుడు ఎస్ ఉన్నా "ఈజ్" అనే వస్తుంది. దీనికి ఎదురు బొదురుగా, ఎస్ లేని పోలీస్, పీపుల్, క్యాటిల్‌కి "ఆర్" రావాలి. పశువుల లోన్ కాగితాల్లో "ది ఒంగోలు క్యాటిల్ ఈజ్" అని రాసిన డ్రాఫ్ట్ వస్తే మార్చి పంపిస్తాను.

ఇక అన్నిటికన్నా మొండిది గౌరవం. "మా హెడ్మాస్టర్ గారు వచ్చారు." ఒక్క మనిషే, కానీ క్రియ బహువచనంలో ఉంది. పిల్లలు "అవర్ హెడ్మాస్టర్ హావ్ కమ్" అని రాస్తారు. హ్యాజ్ అంటే ఆయన్ని ఏకవచనంతో పిలిచినట్టు ఉంటుందని ఒక పిల్లవాడు నాతో అన్నాడు. ఆ పిల్లవాడిది అజ్ఞానం కాదు, మర్యాద. కానీ పేపరు దిద్దేవాళ్ళకి ఆ మర్యాద కనబడదు.

కాబట్టి తెలుగులో ఆలోచించమని అందరికీ చెప్పకండి. కొందరికి మేలు, కొందరికి కీడు.

సింగరాయకొండ_టీచర్:
కొండపి అన్న చెప్పిన గౌరవం సంగతి అక్షరాలా నిజం. పిల్లలకి నేను ఒక విషయం చెప్తాను. ఇంగ్లీష్ వాళ్ళకి కూడా ఒకప్పుడు మనలాంటి పద్ధతి ఉండేది. ఒక్కరినే చనువుగా పిలిస్తే "దౌ", దానికి క్రియ "ఆర్ట్". "యూ" అనేది బహువచనం. గౌరవం కోసం ఒక్క మనిషికి కూడా "యూ" వాడటం మొదలైంది, పోను పోను "దౌ" మామూలు మాటల్లోంచి వెళ్ళిపోయి అందరికీ "యూ" ఒక్కటే మిగిలింది. క్రియ మాత్రం పాత బహువచనమే. అందుకే ఒక్కరితో మాట్లాడినా "యూ ఆర్" అంటాం గానీ "యూ ఈజ్" అనం. మన "మీరు వచ్చారు" ఎలాగో అదీ అలాగే. గౌరవం యూతో ఆగిపోయింది, హీ, షీల దాకా రాలేదు అని చెప్తే పిల్లలు ఇక తప్పు రాయరు.

నేను ఇంకో రెండు చోట్లు చెప్తాను. మొదటిది మీ ఎవరికీ తట్టలేదు గానీ, ఆరో తరగతిలో నేను ఎక్కువగా దిద్దేది అదే.

"ఆయనకి రెండు కార్లు ఉన్నాయి." ఈ వాక్యంలో క్రియ ఎవరితో కలిసింది? కార్లతో. "ఆయనకి" అంటే "కి" తగిలింది గనక ఆయన కర్త కాదు. ఇంగ్లీష్‌లో అదే మాట "హీ హ్యాజ్ టూ కార్స్". అక్కడ కర్త "హీ", కార్లు కర్మ. పిల్లవాడి మనసులో "కార్లు ఉన్నాయి" అనే లెక్క నడుస్తుంటుంది, చేతిలోంచి "హీ హావ్ టూ కార్స్" వస్తుంది. "నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు", "ఆమెకి మూడెకరాల పొలం ఉంది", "వాడికి జ్వరం వచ్చింది" అన్నీ ఇంతే. మనకి ఉన్నవీ, వచ్చేవీ తెలుగులో కర్తలవుతాయి. ఇంగ్లీష్‌లో మనుషులే కర్తలు. ఇది తెలియకుండా "హీ, షీ, ఇట్ తర్వాత హ్యాజ్" అని ఎన్నిసార్లు చెప్పించినా పరీక్షలో మళ్ళీ హావ్ అనే వస్తుంది.

రెండోది "డిడ్ నాట్ వెంట్", "డజ్ హీ గోస్". కాలం గుర్తైనా, ఎస్ గుర్తైనా ఒక్కచోటే ఉండాలి. డజ్‌లో ఎస్ వచ్చేసింది, ఇక గో అలాగే ఉంటుంది. డిడ్‌లో కాలం వచ్చేసింది, ఇక వెంట్ అక్కర్లేదు. దీనికి తెలుగు బాగా సాయం చేస్తుంది. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, ఆమె వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. "వెళ్ళలేదు" ఎక్కడైనా మారిందా? "డిడ్ నాట్ గో" కూడా అంతే, ఎవరికైనా ఒకటే రూపం.

పెన్నా_ఒడ్డు_మాస్టారు:
కొండపి అబ్బాయి అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటున్నాను. టీచరమ్మ చెప్పిన "ఆయనకి కార్లు ఉన్నాయి" సంగతి కూడా అదే వైపు చూపిస్తోంది. కాబట్టి నా మాటని సరిచేసి చెప్తాను.

పని రెండు మెట్లలో ఉంది. ఇంగ్లీష్ వాక్యంలో కర్త ఎవరో వెతకడం మొదటి మెట్టు. ఆ కర్త ఒకటా, ఎక్కువా అని తేల్చడం రెండోది. మొదటి మెట్టులో మన విభక్తి జ్ఞానం వాడుకో. ఏ నామానికి ఆఫ్, విత్ లాంటిది తగిలిందో చూసి తీసేస్తూ పో. అక్కడ తెలుగు నీకు తోడు. రెండో మెట్టులో తెలుగుని అడగొద్దు. వాటర్ ఒకటా ఎక్కువా, ఎవ్రీవన్ ఒకరా పదిమందా, హెడ్మాస్టర్ గారికి ఏ వచనం వాడాలి అనేది ఇంగ్లీష్ లెక్కే. తెలుగులో నీళ్ళు బహువచనం కావడానికి కారణం ఉండదు, ఇంగ్లీష్‌లో ట్రౌజర్స్ బహువచనం కావడానికీ మనకి పనికొచ్చే కారణం ఉండదు. ఆ మాటలు మాత్రం నేర్చుకోవాల్సిందే. వాటి జాబితా పెద్దదేమీ కాదు.

వాక్యం మొత్తాన్ని తెలుగులోకి అనువదించమని నేను చెప్పడం లేదు. పరీక్షలో అంత సమయం ఎక్కడిది?

కావలి_కుర్రాడు:
వంద ప్రశ్నలకి అరవై నిమిషాలు మాస్టారూ. అందులో ఇంగ్లీష్ ఇరవై ఐదు ప్రశ్నలు. ఒక్కోదానికి అర నిమిషం కూడా పెట్టలేం, లెక్కలకి కావాలి.

కొండపి_బ్యాంక్_అన్న:
మాస్టారు ఇప్పుడు చెప్పిన దానితో నాకు పేచీ లేదు. రెండు మెట్లు అనేది మా పిల్లలకి కూడా చెప్తాను.

ఆక్వా_డెస్క్_నెల్లూరు:
మా ఆఫీసు గొడవ ఒకటి తీర్చండి. "టూ టన్స్ ఆఫ్ ష్రింప్ వాజ్ డిస్పాచ్డ్" అని నేను రాస్తే, పక్క సీటు అతను "టూ" ఉంది గనక "వర్" అని మారుస్తాడు. అలాగే "ఫైవ్ లాక్ రుపీస్ ఈజ్ పెండింగ్" అని నేనంటే "ఆర్" అంటాడు.

కొండపి_బ్యాంక్_అన్న:
డబ్బు, దూరం, బరువు, కాలం ఒక మొత్తంగా చెప్తే ఏకవచనం. "ఫైవ్ లాక్ రుపీస్ ఈజ్ పెండింగ్", "టెన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్". అక్కడ ఐదు లక్షల నోట్లు విడివిడిగా లేవు, ఒక బాకీ ఉంది. నోట్లనే లెక్కపెడుతుంటే "ఫైవ్ నోట్స్ ఆర్ టోర్న్" అవుతుంది. మీ రెండు టన్నులు ఒకే సరుకుగా వెళ్ళాయి కాబట్టి "వాజ్" తప్పు కాదు. కార్టన్లు అయితే విడిగా లెక్కపెట్టే వస్తువులు, "టూ హండ్రెడ్ కార్టన్స్ వర్ డిస్పాచ్డ్".

సింగరాయకొండ_టీచర్:
దూరాల విషయంలో మనవాళ్ళు తడబడటానికి ఇంకో కారణం ఉంది. "కావలి నుంచి నెల్లూరు చాలా దూరం", "ఐదు లక్షలు పెద్ద మొత్తం" అని తెలుగులో చెప్పేటప్పుడు క్రియే ఉండదు. ఆయన మాస్టారు, ఇది మా ఇల్లు, అంతే. ఈజ్, ఆర్ పెట్టాల్సిన చోట తెలుగులో ఖాళీ. ఆ ఖాళీలో ఏది పెట్టాలో చెవికి తెలియదు, అందుకే పక్కనున్న అంకె చూసి పెట్టేస్తాం.

ఒంగోలు_కోర్టు_సెంటర్:
నేను అడ్వకేట్‌ని. డ్రాఫ్టింగ్‌లో వచ్చే ఒక విషయం చెప్తాను. ప్రైవేట్ స్కూళ్ళలో "సెక్రటరీ అండ్ కరస్పాండెంట్" అని ఒకే మనిషి సంతకం పెడతాడు. "ది సెక్రటరీ అండ్ కరస్పాండెంట్ హ్యాజ్ సైన్డ్." ది ఒక్కటే ఉంది గనక మనిషి ఒక్కడే. "ది సెక్రటరీ అండ్ ది కరస్పాండెంట్ హావ్ సైన్డ్" అంటే ఇద్దరు. ఒక్క "ది" కాగితం మీద ఒక మనిషిని పెంచుతుంది. మా జూనియర్లకి ఇది గట్టిగా చెప్తాను.

చట్టాల భాషలో ఏకవచనమూ బహువచనమూ గొడవ రాకుండా ముందే కట్టడి చేశారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్, సెక్షన్ 13 ప్రకారం, సందర్భానికి విరుద్ధం కాకపోతే, కేంద్ర చట్టాల్లో ఏకవచనంలో ఉన్న మాటకి బహువచనం కూడా వర్తిస్తుంది, బహువచనానికి ఏకవచనం కూడా. పుంలింగంలో చెప్పిన మాట స్త్రీలకి కూడా వర్తిస్తుందని అదే సెక్షన్ చెప్తుంది. పైగా చట్టాల్లో ఎక్కువగా వాడేది "షల్". రాజ్యాంగం మొదటి అధికరణం "ఇండియా, దట్ ఈజ్ భారత్, షల్ బీ ఎ యూనియన్ ఆఫ్ స్టేట్స్" అని మొదలవుతుంది. షల్, విల్, కెన్, మే, మస్ట్‌లకి ఎస్ చేరదు, వాటి వెనక క్రియకీ చేరదు. అభ్యర్థులు "హీ కెన్ గోస్" అని రాయకుండా ఉంటే చాలు.

వేదాయపాళెం_టు_డల్లాస్:
అడ్వకేట్ గారు రాజ్యాంగం ఎత్తారు కాబట్టి అమెరికా రాజ్యాంగం నుంచి ఒకటి. "యునైటెడ్ స్టేట్స్" ఇప్పుడు ఇక్కడ అందరికీ ఏకవచనం, "ఈజ్". కానీ బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ, 1865లో వచ్చింది, అందులో యునైటెడ్ స్టేట్స్ గురించి చెప్తూ "దేర్ జ్యూరిస్డిక్షన్" అని ఉంటుంది. "ఇట్స్" అని లేదు. అప్పటికి అది రాష్ట్రాల గుంపు, బహువచనం. ఒకే దేశం అనే భావం బలపడే కొద్దీ క్రియ ఏకవచనానికి మారింది. గుంపుని ఒకటిగా చూస్తున్నామా, అందులోని వాళ్ళని చూస్తున్నామా అనేది అక్కడా ఉంది.

టీమ్, కమిటీ, ఫ్యామిలీ లాంటి మాటల సంగతి ఇంతే. అమెరికాలో టీమ్‌కి ఏకవచనమే ఎక్కువ. బ్రిటిష్ ఇంగ్లీష్‌లో రెండూ నడుస్తాయి. క్రికెట్ వినేవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది, "ఇండియా ఆర్ టూ ఫిఫ్టీ ఫర్ త్రీ" అంటారు కామెంటేటర్లు. పరీక్షలో కమిటీ ఒకే మాట మీద ఉంటే "హ్యాజ్", వాళ్ళలో వాళ్ళకి పడకపోతే "ఆర్ డివైడెడ్ ఇన్ దేర్ ఒపీనియన్". అలాంటి వాక్యంలో "వాళ్ళ" అనే అర్థంలో "దేర్" కనబడితే అదే ఆనవాలు.

కొత్తపట్నం_డీఎస్సీ:
నేను డీఎస్సీకి చదువుతున్నాను. అన్నా, మీరు అక్కడే ఉంటారు కాబట్టి అడుగుతున్నా. పుట్టుకతో ఇంగ్లీష్ మాట్లాడేవాళ్ళు కూడా ఈ తప్పులు చేస్తారా? మనకే ఇంత కష్టమా?

వేదాయపాళెం_టు_డల్లాస్:
చేస్తారు తమ్ముడూ. నిజానికి దీని మీద శాస్త్రీయంగా ప్రయోగాలు జరిగాయి. 1991లో క్యాథరిన్ బాక్, కరోల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు, కర్తకీ క్రియకీ మధ్య వేరే నామం దూరితే ఇంగ్లీష్ వాళ్ళు ఏం చేస్తారో పరీక్షించారు. కర్త ఏకవచనంలో ఉండి మధ్యలో బహువచన నామం వస్తే వాళ్ళు కూడా క్రియని బహువచనంలోకి లాగేస్తున్నారని తేలింది. తిరగేసి, కర్త బహువచనమై మధ్యలో ఏకవచనం వస్తే అంతగా తప్పులు చేయలేదు. "క్వాలిటీ ఆఫ్ ది ప్రాన్స్ వర్" అనే తప్పు కావలి తమ్ముడి బ్యాచ్‌కి మాత్రమే చెందింది కాదు. మాటల్లో ఆఫీసులో కూడా వింటుంటాను. రాసేటప్పుడు మాత్రం దిద్దుకుంటారు. "దేర్ ఈజ్ టూ రీజన్స్" అని మాట్లాడేవాళ్ళు బోలెడు మంది. పరీక్షలో మాత్రం "దేర్ ఆర్ టూ రీజన్స్". దేర్ తర్వాత వచ్చే నామమే కర్త.

కొత్తపట్నం_డీఎస్సీ:
చాలా ధైర్యం వచ్చింది అన్నా. ఇంకో రెండు అడిగేస్తాను. "ఇఫ్ ఐ వర్ యూ" అంటారు, ఐకి వాజ్ గదా రావాలి? "నన్ ఆఫ్ దెమ్" తర్వాత ఏది?

పెన్నా_ఒడ్డు_మాస్టారు:
"ఇఫ్ ఐ వర్ యూ" అనేది జరగని ఊహ. నేను నువ్వు కాలేను గదా. ఆ ఊహలో ఐ, హీ, షీ అందరికీ "వర్" వస్తుంది. "ఐ విష్ ఐ వర్ ఎట్ హోమ్" కూడా ఇంతే. మాటల్లో వాజ్ కూడా వినబడుతుంది, పరీక్షలో వర్ పెట్టు. అలాగే "ది డాక్టర్ సజెస్టెడ్ దట్ హీ టేక్ రెస్ట్" అనే వాక్యంలో "టేక్స్" అని దిద్దకు. సలహా, ఆజ్ఞ, పట్టుదల చెప్పే క్రియల తర్వాత ఎస్ లేని రూపం వస్తుంది. "నన్ ఆఫ్ దెమ్" తర్వాత ఈజ్, ఆర్ రెండూ మంచి రాతలో ఉన్నవే. వాక్యంలో వేరే తప్పు ఉందేమో ముందు వెతుకు.

కావలి_కుర్రాడు:
నాది చివరి డౌట్. దీని మీద రూమ్‌లో పెద్ద గొడవే అయింది. "షీ ఈజ్ వన్ ఆఫ్ దోజ్ టీచర్స్ హూ వర్క్/వర్క్స్ హార్డ్." వన్ ఉంది గనక వర్క్స్ అని నేను, టీచర్స్ ఉంది గనక వర్క్ అని మిగతావాళ్ళు. "వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ ఆబ్సెంట్"లో వన్ చూసే గదా ఈజ్ పెట్టాం! అలాగే "ఈదర్ ది ఫాదర్ ఆర్ ది సన్స్" తర్వాత ఏది పెట్టాలి?

కొండపి_బ్యాంక్_అన్న:
రెండోది నేను చెప్తా. ఈదర్-ఆర్ ("లేదా" అనే అర్థంలో వచ్చే ఆర్), నీదర్-నార్ జంటల్లో క్రియకి దగ్గరున్నదే చూడాలి. "ఈదర్ ది ఫాదర్ ఆర్ ది సన్స్ ఆర్ కమింగ్", తిప్పి రాస్తే "ఈదర్ ది సన్స్ ఆర్ ది ఫాదర్ ఈజ్ కమింగ్". క్రియకి దగ్గర నామాన్ని నమ్మొద్దని ఇందాక అనుకున్నాం గానీ, ఇక్కడ రెండూ కర్తలే, విభక్తి దేనికీ తగల్లేదు. కాబట్టి దగ్గరదానికే మొగ్గు. అందుకే బహువచనం ఉన్నదాన్ని రెండో స్థానంలో పెడితే వాక్యం చెవికి హాయిగా ఉంటుంది. "నాట్ ఓన్లీ, బట్ ఆల్సో" కూడా ఈ దారిలోనే.

పెన్నా_ఒడ్డు_మాస్టారు:
మొదటిది నాకు వదిలినందుకు సంతోషం. ఈ ప్రశ్నంటే నాకు ఇష్టం.

నాయనా, "వన్ ఆఫ్ ది బాయ్స్ ఈజ్ ఆబ్సెంట్"లో ఒకే క్రియ ఉంది, దాని కర్త వన్. నీ వాక్యంలో రెండు క్రియలున్నాయి. "ఈజ్"కి కర్త "షీ", దాని గొడవ అయిపోయింది. రెండో క్రియ "వర్క్"కి కర్త "హూ". హూ ఎవరికి బదులుగా వచ్చింది అనేదే ప్రశ్న. ఇక్కడ మొదటి మెట్టు కోసం తెలుగులో చెప్పుకో: "కష్టపడి పనిచేసే టీచర్లలో ఆమె ఒకరు." "పనిచేసే" అనే మాట ఎవరిని అంటుకుని ఉంది? టీచర్లని. కష్టపడి పనిచేసే టీచర్లు అని ఒక గుంపు ఉంది, అందులో ఆమె ఉంది. హూ అంటే ఆ టీచర్లు. కాబట్టి "వర్క్".

ఇప్పుడు "ఓన్లీ" చేర్చి చూడు. "షీ ఈజ్ ది ఓన్లీ వన్ ఆఫ్ ది టీచర్స్ హూ వర్క్స్ హార్డ్." తెలుగులో "ఆ టీచర్లలో కష్టపడి పనిచేసేది ఆమె ఒక్కతే". ఇప్పుడు పనిచేసేది అనే మాట ఆమెని అంటుకుంది, టీచర్ల గుంపుని వదిలేసింది. అందుకే "వర్క్స్". మన "పనిచేసే"కి వచనం లేదు, లింగం లేదు, కాబట్టి వర్క్ అనాలో వర్క్స్ అనాలో అది చెప్పదు. అది ఎవరి పక్కన నిలబడిందో మాత్రం చెప్తుంది. నీకు కావలసింది అదే.

మొదటి వాక్యంలో "వర్క్స్" అని రాసే ఇంగ్లీష్ వాళ్ళు కూడా ఉన్నారు, దాని మీద పండితుల వాదన ఇప్పటిది కాదు. పరీక్షకి మాత్రం "వర్క్" పెట్టు. మీ రూమ్‌లో వాళ్ళకి కూడా తెలుగు వాక్యమే చెప్పి చూపించు. వర్క్ అన్నవాళ్ళ జవాబు సరైనదే గానీ, టీచర్స్ పక్కనే ఉంది గనక అన్నారు. ఆ కారణం "ఓన్లీ" వచ్చిన వాక్యంలో వాళ్ళని ముంచుతుంది.

కావలి_కుర్రాడు:
ఇప్పుడే చూపించాను మాస్టారూ. ఓన్లీ వాక్యంలో ముగ్గురూ "వర్క్" అనే పెట్టారు. మీరు చెప్పిన తెలుగు వాక్యం చదివాక ఇద్దరు మార్చుకున్నారు. ఒకడు మాత్రం కోచింగ్ సార్‌ని అడిగే దాకా ఒప్పుకోనంటున్నాడు. రేపు అడిగి ఆయన ఏమన్నారో ఇక్కడే రాస్తాను.